రెండు పేర్ల మీద మందులు

రాజమండ్రి, నర్సింగు హాస్టలు
ఫిబ్రవరి 20

పెద్దమ్మా,

నువ్వు పంపిన కందిపొడి మూడో రోజుకే అయిపోయింది. రూములో నలుగురం ఉన్నాం, అందులో సింధూర ఒక్కతే ఇద్దరి పెట్టు. "మీ పెద్దమ్మకి నన్ను దత్తతిచ్చెయ్యవే" అంటోంది.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకని అనుకోకు. సాయంత్రం గంటసేపే మాకు ఫోన్లు ఇస్తారు. వరండాలో అందరం వరసగా నిలబడి మాట్లాడాలి. నీ ఫోనేమో స్పీకరు పెట్టకపోతే వినపడదు, పెడితే తోటంతా వింటుంది. మన మాటలు కాగితం మీదే మేలు. చదివి పొయ్యిలో పెట్టేయి.

మొన్న మేడం హెచ్ఐవీ పాఠం చెప్పారు. తల్లి నుంచి బిడ్డకు ఎలా వస్తుందో బోర్డు మీద బొమ్మ వేశారు. అందరితోపాటు నేనూ దించుకున్నాను. అమ్మనీ నన్నూ నోట్సులో గీసుకున్నట్టు అనిపించింది. "ఆ వార్డులో డ్యూటీ పడితే నేను సెలవు పెట్టేస్తా బాబూ" అంది సింధూర. నేను నవ్వాను. రెండేళ్లుగా నా పక్క మంచం తనదే.

కొంచెం దగ్గు ఉంది, తగ్గుతోంది. తెల్ల యూనిఫారం కాలర్లన్నీ పసుపెక్కిపోయాయి, ఎంత ఉతికినా వదలడం లేదు. "మెడకు పసుపు రాసుకుంటున్నావేంటే, సంబంధం కుదిరిందా" అని సింధూర ఒకటే ఏడిపించడం. ఇక్కడి నీళ్లలో ఏదో ఉన్నట్టుంది.

ఒక పని చేసిపెట్టాలి. జనవరిలో మందుల సెంటర్ నుంచి నువ్వు తెచ్చి పంపిన మూడు సీసాల్లో ఒకటి మూత తీస్తుంటే జారి బకెట్‌లో పడిపోయింది. మాత్రలన్నీ కరిగిపోయాయి. మిగిలినవి ఏప్రిల్ దాకా రావు. ఒకసారి వెళ్లి ఇంకో సీసా అడిగి తెచ్చి, ఎప్పటిలాగే జంక్షన్‌లో బస్సు పార్సిల్లో వేయగలవా? త్వరగా.

నీ గ్లోరీ

*

రెడ్డిగూడెం, మామిడి తోట
మార్చి 1

అమ్మా గ్లోరీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడో తరగతిలో నువ్వు పలక పట్టుకొచ్చి నాకు నేర్పిన అక్షరాలే ఇవి. నువ్వు తప్ప చదివేవాళ్లు లేరని వంకరైనా పట్టించుకోవడం లేదు.

తోట పూత మీద ఉంది. తేనెమంచు పురుగు పట్టి ఆకులన్నీ జిగటగా అయిపోయాయి. మందు కొట్టిస్తున్నారు. మా మేస్త్రి చిన్నరాయప్ప "ఈ ఏడు చిన్నరసాలు చూడటానిక్కూడా దొరకవు" అని రోజూ ఏడుస్తూనే ఉంటాడు. ప్రతి ఏడూ ఇదే ఏడుపు.

సోమవారం కూలి మానుకుని సెంటర్‌కి వెళ్లాను. ఇవ్వలేదమ్మా. మందుల పుస్తకం చూసి, ఏప్రిల్ ఒకటి కంటే ముందు ఇవ్వాలంటే మనిషి రావాలన్నారు. కౌన్సెలరు తబితా మేడం "జ్యోతిని ఒకసారి తీసుకురా ఇన్నమ్మా, బరువు చూడాలి" అంది. వాళ్ల పుస్తకంలో నువ్వు జ్యోతివే కదా, సరేనని వచ్చేశాను.

మాత్రలు కరిగిపోయిన మాట సరే. నీ కాలరు సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ముసునూరు గంగరాజు గుర్తున్నాడా? చిన్నప్పుడు సెంటర్ క్యూలో నీకు బెల్లం జీళ్లు కొనిపెట్టేవాడు. వాడికి దగ్గు పట్టుకుంటే ఎక్కడో ప్రైవేటు డాక్టరు దగ్గర టీబీ మందు మొదలెట్టాడు. అక్కడ ఈ జబ్బు సంగతి చెప్పలేదు. సెంటర్‌లో టీబీ సంగతి చెప్పలేదు. ఆ రోజుల్లో వాడి చొక్కా కాలరూ, బనీను చంకలూ ఇదే రంగు. "ఏం గంగరాజూ, రసం పండు తింటా మీద కార్చుకున్నావా" అని ఏడిపించేవాళ్లం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. దసరాకల్లా మన మాత్ర వాడికి పనిచేయడం మానేసిందన్నారు. క్రిస్మస్‌కి క్యూలో లేడు.

రాజమండ్రి నీళ్లు నేనూ తాగాను, నిన్ను చేర్చడానికి వచ్చినప్పుడు. కాలర్లకి రంగెక్కే నీళ్లు కావవి. నువ్వు ఇంకేమైనా మందు వాడుతున్నావా? ఉన్నదున్నట్టు రాయి.

పెద్దమ్మ

*

రాజమండ్రి
మార్చి 8

పెద్దమ్మా,

నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. దగ్గుకి డాక్టరు గారు ఏదో యాంటీబయాటిక్ రాశారు, అంతే. లక్షమంది వాడే మందు. మాత్రలు ఇంకా ఉన్నాయి, సర్దుకుంటాను.

నేను నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏ మందుతో ఏది వేసుకోవాలో పుస్తకం చూసి తెలుసుకోగలను. క్యూలో ఎవరి కాలరు ఏ రంగులో ఉందో చూసి నువ్వు నాకు వైద్యం చెప్పనక్కరలేదు. గంగరాజు తాగుబోతు. ఆ మాట నువ్వు రాయలేదు.

సెంటర్‌కి మళ్లీ వెళ్లకు. నా గురించి ఎవర్నీ ఏమీ అడగకు. ఈ నెలాఖరున ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఉత్తరాలు రాయడం కుదరదు.

గ్లోరీ

*

రెడ్డిగూడెం
మార్చి 14

గ్లోరీకి,

నువ్వు వద్దన్నావు. నేను వెళ్లాను.

నువ్వు రాసిన మాటకి బాధ లేదని అబద్ధం చెప్పను. సాయంత్రం గుడిలో సిలువ మార్గం ప్రార్థన చేస్తుంటే అదే మాట చెవిలో తిరిగింది. అయితే ఒకటి చెప్తాను విను. నేను నీ పుస్తకం చదవలేదు గానీ ఆ క్యూలో పదిహేనేళ్లు నిలబడ్డాను. ఎవరు ఎలా వచ్చారో, ఎవరు రావడం మానేశారో నాకు తెలుసు. గంగరాజు తాగేవాడు, నిజమే. ఆ ఏడు మాత్రం మానేశాడు.

తబితా మేడం రాసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"మళ్లీ ఎందుకొచ్చావ్ ఇన్నమ్మా, డేటు కాలేదుగా."

"మేడం, మన మందు వేసుకునే మనిషి టీబీ మందు కూడా వేసుకుంటే ఏమవుద్దండి?"

కలం ఆపింది. "ఎవరు?"

"మా కూలి ముఠాలో ఒకామె అండి."

"మీ ముఠాలో ఒకామె తనకి ఈ జబ్బుందని నీకు చెప్పిందా? నమ్మాలే. సర్లే, విను."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తప్పు పోకూడదని ఆ పేరు ఆవిడ చేతే కాగితం మీద రాయించుకున్నాను. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది. అది ఎర్రగా ఉంటుంది, చెమటనీ కన్నీళ్లనీ కూడా ఆ రంగులోకి తిప్పుతుంది. అది లివరుని తొందరపెడుతుందట. మన మాత్ర రోజంతా ఒంట్లో ఉండాల్సింది, గడువుకు ముందే బయటికి పోతుందట. మందు చాలని గంటల్లో మన జబ్బు పురుగు పెరుగుతుంది. పెరగడమే కాదు, ఈ మందుకి లొంగకుండా మొండికేస్తుంది. తర్వాత ఎంత సరిగ్గా వేసుకున్నా పనిచేయకపోవచ్చు.

నువ్వు సీసా ముందుగా అడిగిన సంగతి గుర్తొచ్చి, "మరి రోజుకి రెండు మాత్రలు వేసుకుంటేనో?" అన్నాను.

"అదే చేయకూడదు. ఆ మాత్రలో మూడు మందులుంటాయి. రెండో పూట కావాల్సింది వాటిలో ఒక్కటే. అది విడిగా మేమిస్తాం. మూడూ రెట్టింపు చేస్తే కిడ్నీల మీద పడుద్ది. టీబీ మందు కూడా ఆపకూడదు. రెండు జబ్బుల సంగతీ తెలిసిన డాక్టరు ఒకళ్లుండాలి, అంతే."

తర్వాత కంప్యూటరు చూసి, "మీ జ్యోతి పేరు మీద టీబీ మందు ఎక్కడా నడవట్లేదే" అంది. నేను మా ముఠా ఆమె గురించి అడిగితే ఆవిడ నీ పేరు వెతికింది, చూశావా.

ఎలా ఉంటుందమ్మా? అక్కడ నువ్వు గ్లోరీవి. నీకు ఐదేళ్లప్పుడు సెంటర్ కిటికీ ముందు నిలబెట్టి పేరడిగితే, జ్ఞానస్నానం పేరు చెప్పడానికి నోరు రాలేదు. రేపు బడిలో, ఎల్లుండి పెళ్లిలో ఎవరూ ఆ పుస్తకం తిరగేసి నిన్ను పట్టుకోకూడదని జ్యోతి అని రాయించాను. నిన్ను దాచాననుకున్నాను. ఇప్పుడు నిన్ను వెతకాల్సినవాళ్లకి కూడా దొరక్కుండా చేశాను.

నిజం రాయి. ఈ నెల ఇరవై రెండు దాకా చూస్తాను. ఉత్తరం రాకపోతే రాజమండ్రి బస్సెక్కుతాను. మీ వార్డెను ముందు ఏం మాట్లాడతానో నాకే తెలియదు.

పెద్దమ్మ

*

రాజమండ్రి
మార్చి 19

పెద్దమ్మా,

బస్సెక్కొద్దు. అన్నీ రాస్తాను.

నాకు టీబీ. ఊపిరితిత్తుల్లో. జనవరి ఇరవై ఎనిమిది నుంచి మందులు వేసుకుంటున్నాను. కాలేజీ పక్క వీధిలో డాక్టరు గారు చూశారు. మొదట్లోనే హెచ్ఐవీ పరీక్ష చేయించాలన్నారు. "కాలేజీలో చేరినప్పుడు అందరికీ చేశారు సార్, నెగటివ్" అన్నాను. ఎంత గట్టిగా చెప్పానంటే, ఆయన తలూపి కాగితం మీద రాసేసుకున్నారు. నర్సింగు అమ్మాయిని కదా, నమ్మారు.

ఆ క్లినిక్ ల్యాబులో మా సీనియర్లే పని నేర్చుకుంటారు. నా రక్తం అక్కడికి వెళితే సాయంత్రానికి హాస్టలుకి వస్తుంది. అదొక్కటే ఆలోచించాను.

ఫిబ్రవరి మొదట్లో లైబ్రరీలో ఒక పట్టిక కనపడింది. రిఫాంపిసిన్ వాడేవాళ్లకి మన మందు రెండుపూటలా ఇవ్వాలని ఉంది. పుస్తకం మూసేసి రూముకి వచ్చి ఆ రోజు నుంచే పొద్దున ఎనిమిదికి ఒక మాత్ర, సాయంత్రం ఎనిమిదికి ఒక మాత్ర వేసుకున్నాను. ఆ పట్టికలో రాసింది ఒక్క మందు గురించేనని, నేను మింగుతున్నది మూడు కలిసిన మాత్ర అని నీ ఉత్తరం చూశాక తెలిసింది. వెళ్లి మళ్లీ చూశాను. అక్కడే ఉంది. నేను భయంతో పై వరస చదివి కింది వరస వదిలేశాను.

బకెట్‌లో ఏదీ పడలేదు. మాత్రలు తరిగిపోతుంటే ఫిబ్రవరి చివర్లో మళ్లీ ఒకపూటకి దిగాను. నీకు కోపంగా రాసిన రోజున సీసాలో మూడు ఉన్నాయి. మార్చి పదితో అవీ అయిపోయాయి. తొమ్మిది రోజులుగా టీబీ మందు ఒక్కటే వేసుకుంటున్నాను. మన మాత్ర లేదు.

పొద్దున లేవగానే అద్దంలో నాలుక చూసుకుంటాను, కాళ్లు నొక్కి చూసుకుంటాను. వార్డులో కిడ్నీ రోగికి షీటు మారుస్తుంటే ఆ మంచం నాదేమో అనిపిస్తుంది. నిన్న ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏడ్చాను. చేతిరుమాలు మీద కన్నీళ్లు లేత నారింజ రంగులో ఉన్నాయి. వాటిని చూసి ఇంకా భయమేసి ఏడుపు ఆపేశాను.

గంగరాజు గురించి రాసిన మాట తప్పు. నీ గురించి రాసింది అంతకంటే పెద్ద తప్పు.

శనివారం పొద్దున బస్సుకి జంక్షన్‌లో దిగుతాను. నువ్వక్కడే ఉండు. అక్కడి నుంచి సెంటర్‌కి వెళ్దాం. ఈ ఉత్తరం అందినట్టు ఫోను చేయి. "నిమ్మకాయ ఊరగాయ పెట్టాను" అను చాలు.

నాకు చచ్చిపోవాలని లేదు పెద్దమ్మా.

గ్లోరీ

*

రాజమండ్రి
ఏప్రిల్ 6

పెద్దమ్మా,

ఆ రోజు జంక్షన్‌లో నన్ను చూడగానే తిడతావనుకున్నాను. "పుల్లలా అయిపోయావేంటే" అని జబ్బ పట్టుకుని, సెంటర్ మెట్ల దాకా వదల్లేదు. నీ గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి.

తబితా మేడం కూడా అరవలేదు. "ముఠాలో ఒకామె అంటే నువ్వేనా" అంది. నా చేతనే మొదటి నుంచి చెప్పించింది, తేదీలతో సహా. రక్తం మూడు ట్యూబులు తీసుకున్నారు. ఒకటి కిడ్నీకి, ఒకటి వైరల్ లోడుకి, ఒకటి దేనికో నేను అడగలేదు. సెంటర్ డాక్టరు గారన్న ఒక్క మాట మాత్రం బస్సులో నీకు చెప్పలేదు. "పురుగు మొండికేసిందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేం. మందు సరిగ్గా పడ్డాక మూడు నెలలకి తెలుస్తుంది" అన్నారు.

ఇప్పుడు పొద్దున ఎనిమిదికి పాత మాత్ర, సాయంత్రం ఎనిమిదికి చిన్నది. టీబీ మందు జులై చివరికి అయిపోతుంది. ఆ తర్వాత కూడా రెండు వారాలు చిన్న మాత్ర మానకూడదట. రిఫాంపిసిన్ ఆపినా దాని తొందర ఒంట్లో కొన్నాళ్లు ఉంటుందట.

నువ్వు అడుగుతావని ముందే చెబుతున్నాను. ఇక్కడి డాక్టరు గారికి సెంటర్ వాళ్లు ఇచ్చిన కాగితం ఇంకా ఇవ్వలేదు. రెండుసార్లు క్లినిక్ మెట్ల దాకా వెళ్లాను. రెండోసారి లోపల శౌరి అన్న ఉన్నాడు, ల్యాబులో చేసే మా సీనియరు. "ఏంటి గ్లోరీ, మళ్లీ దగ్గా" అన్నాడు. "కాదన్నా, ఊరికే" అని వచ్చేశాను.

గ్లోరీ

*

రెడ్డిగూడెం
ఏప్రిల్ 25

అమ్మా,

కోతలు మొదలయ్యాయి. పొద్దున్నుంచి కాయలు ఏరి పెట్టెలకి ఎత్తుతున్నాం. జీడి సొన పడి చేతులు పొక్కిపోయాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

నిన్న రిపోర్టులకి సెంటర్‌కి వెళ్లాను. కిడ్నీలకి ఏం కాలేదట. అది విని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. రెండో కాగితం మీద పురుగు లెక్క అంకె నేనే చదివాను. ఆరు, రెండు, సున్నా, సున్నా. ఆరువేల రెండొందలు. వెయ్యి దాటకూడదట. పోయిన ఏడు నీకు అసలు కనపడనంత తక్కువ వచ్చింది.

నీకు చెప్పకుండా దాద్దామని జంక్షన్ దాకా అనుకుంటూ వచ్చాను. దాచడం వల్లే కదా ఇంత దూరం వచ్చింది అనిపించి రాస్తున్నాను.

"మొండికేసిందా మేడం?" అనడిగాను. "తెలీదు ఇన్నమ్మా. అన్ని రోజులు మందు లేకపోతే పెరుగుద్ది. మళ్లీ దిగొస్తే బతికిపోయాం. దిగకపోతే వేరే రకం మందుకి మార్చాలి. ఆ రకం మందులైతే రిఫాంపిసిన్‌తో అసలు కలవవు, టీబీ మందు కూడా మార్చాల్సి వస్తది. అందుకే అక్కడి డాక్టరుకి తెలియాలి" అంది. "చెప్పిందా?" అంది. "ఇంకా లేదండి" అన్నాను.

గ్లోరీ, నీకు చదువు పోతుందని భయం. నాకు నువ్వు పోతావని భయం. నా భయం పెద్దదో నీ భయం పెద్దదో కూర్చుని కొలుచుకునే టైము లేదు. ఆయనకి చెప్పు. ల్యాబులో శౌరి వింటాడంటే, విననీ. ఒకవేళ కాలేజీ వాళ్లు పొమ్మంటే ఇద్దరం కలిసి వెళ్లి ఎందుకు పొమ్మంటున్నారో అడుగుదాం. నేను అడగగలను. కిటికీల ముందు నిలబడటం నాకు అలవాటే.

పెద్దమ్మ

*

రాజమండ్రి
జూన్ 28

పెద్దమ్మా,

ముందు అంకె రాస్తాను. నూట నలభై.

మొన్న కోత వదిలి నువ్వు రాలేవని ఒక్కదాన్నే సెంటర్‌కి వెళ్లి తెచ్చుకున్నాను. తబితా మేడం కాగితం నా వైపు తిప్పి "దిగొచ్చింది" అంది. నాకు సంతోషం వెంటనే రాలేదు. అంకె పక్కన ఇంకో సున్నా ఉందేమోనని వేలితో తడిమి చూశాను. ఇంకా పూర్తిగా దిగాలి, మూడు నెలలకి మళ్లీ చూస్తారట. అప్పటిదాకా భయం ఉంటుంది. కానీ మందు పనిచేస్తోంది పెద్దమ్మా.

నీ ఉత్తరం అందిన మర్నాడే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. అప్పుడే నీకు రాయాల్సింది. ఈ అంకె తెలిసేదాకా ఏ మాట రాయాలన్నా చేయి రాలేదు. "సార్, జనవరిలో మీకు అబద్ధం చెప్పాను" అని కాగితం ముందు పెట్టాను. ఆయన చదివి, లేచి తలుపు వేసి వచ్చారు. కోపం వచ్చింది ఆయనకి. "నీకు రిఫాంపిసిన్ రాసింది నేనమ్మా. ఏమన్నా అయ్యుంటే నా చేతులతో అయ్యేది, తెలుసా నీకు?" అన్నారు. ఆ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. పాత కాగితం మీద నెగటివ్ అన్న ముక్క కొట్టేసి, సెంటర్‌కి ఆయనే ఫోను చేశారు. రెండు పేర్లూ చెప్పి ఒకే అమ్మాయి అన్నారు.

శౌరి అన్నకి తెలిసిందో లేదో నాకు తెలియదు. ఎదురుపడితే ఎప్పటిలాగే పలకరిస్తాడు. కాలేజీలో ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. అంటారేమోనని ప్రతి సోమవారం ప్రార్థనలో చివరి వరసలోనే నిలబడతాను.

నిన్న వార్డులో ఒకామె చేరింది. టీబీ అనుమానం. కేసు షీటు నింపే పని నాది. ఆమె పేరు నీక్కూడా రాయను. నీ వయసుంటుంది. "హెచ్ఐవీ పరీక్ష ఎప్పుడైనా..." అని నేను అడగబోయేసరికే "అయిందమ్మా, ఏం లేదన్నారు" అంది. ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చింది. అవతలి మంచం దగ్గర సింధూర ఉంది. షీటు మీద నెగటివ్ అని రాసి ముందుకు పోతే ఎవరూ అడగరు.

నేను కర్టెను లాగి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.

"రేపు మీకు మొదలెట్టే మందు కొన్ని మందుల్ని పనిచేయనివ్వదు పిన్నీ. రోజూ వేసుకునేది ఏదైనా ఉంటే నాకు చూపించండి. నేను గట్టిగా చదవను" అన్నాను.

ఆమె చాలాసేపు దుప్పటి అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. నా మొహంలోకి చూసింది, కర్టెను కింద కనిపిస్తున్న సింధూర కాళ్లకేసి చూసింది. నేను కలం మూత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

తర్వాత దిండు కిందకి చేయి పోనిచ్చింది.

నీ గ్లోరీ